ఐబీ ఉద్యోగానికి కాగితాల పని: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకు

ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ)లో ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టుకు మొదటి పరీక్ష గంటసేపు. ఆ తర్వాత కాగితాల వ్యవహారం నెలల తరబడి నడుస్తుంది. పరీక్ష పోతే వయసున్నంత వరకు మళ్లీ రాసుకోవచ్చు. ఎంపికయ్యాక మన గతమంతా రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ఒక గడి తప్పు నింపితే వచ్చిన ఉద్యోగమే పోతుంది, ఆ తప్పు తర్వాతి ఉద్యోగాలకీ వెంటపడుతుంది. కోచింగు సెంటర్లలో ఈ సగం చెప్పరు. ఊరు ఆంధ్రాలోనో తెలంగాణలోనో, బతుకు బెంగళూరు పీజీలో ఉన్నవాళ్లకు చిక్కులు ఇంకాస్త ఎక్కువ. అందుకే ఇందులో సిలబస్ గురించి తక్కువ, ఫైలు గురించి ఎక్కువ.

ఏ పోస్టు, ఎవరికి

ఐబీ కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో ముఖ్యమైనవి నాలుగు. డిగ్రీ ఉన్నవాళ్లకు ఏసీఐఓ గ్రేడ్-2 ఎగ్జిక్యూటివ్, లెవెల్ 7, మూల వేతనం రూ.44,900. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ చదువులవాళ్లకు జూనియర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ టెక్నికల్, లెవెల్ 4, రూ.25,500. పదో తరగతి అర్హతతో సెక్యూరిటీ అసిస్టెంట్, లెవెల్ 3, రూ.21,700. ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), లెవెల్ 1, రూ.18,000. 2025లో ఏసీఐఓ నోటిఫికేషన్ 3,717 పోస్టులకు, సెక్యూరిటీ అసిస్టెంట్ నోటిఫికేషన్ 4,987 పోస్టులకు వచ్చాయి. రెండింటికీ వయసు 18 నుంచి 27, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. వయసు లెక్క దరఖాస్తు ముగింపు తేదీ నాటికి. అందరూ జనవరి 1 అనుకుని లెక్కేస్తారు, అది స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల అలవాటు.

ఏసీఐఓ టైర్-1లో 100 ప్రశ్నలు, 100 మార్కులు, తప్పుకు పావు మార్కు కోత. టైర్-2 వ్యాసరూపం, 50 మార్కులు. ఆ తర్వాత 100 మార్కుల ఇంటర్వ్యూ. ఇంజనీరింగంతా ఆబ్జెక్టివ్ బిట్లతో గడిచినవాళ్లకు టైర్-2 ఇబ్బంది పెడుతుంది. చేత్తో ఇంగ్లిషు వ్యాసం రాసి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకుని ఇవాళే ఒకటి రాయడం మొదలుపెట్టండి.

సెక్యూరిటీ అసిస్టెంట్ దగ్గర బెంగళూరు తెలుగువాళ్లు తరచూ తప్పులో కాలేస్తారు. ఆ పోస్టులు సబ్సిడియరీ ఇంటెలిజెన్స్ బ్యూరోల వారీగా ఉంటాయి. హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు, చెన్నై అన్నీ విడివిడి. మీరు ఎంచుకున్న బ్యూరో ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రపు డొమిసైల్ సర్టిఫికెట్ ఉండాలి, అక్కడ పేర్కొన్న స్థానిక భాషల్లో ఒకటి వచ్చి ఉండాలి. ఉంటున్నది బెంగళూరు కదా అని బెంగళూరు బ్యూరో పెడితే, చేతిలో ఉన్నది అనంతపురం నేటివిటీ అయినప్పుడు సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు. మీ కాగితం ఆంధ్రాదైతే విజయవాడ, తెలంగాణదైతే హైదరాబాదు. రాజ్యాంగం 371-డి అధికరణ కింద చూసే ఏడేళ్ల చదువు, లోకల్, నాన్‌లోకల్ లెక్కలు రాష్ట్ర ఉద్యోగాలకు, రాష్ట్రంలోని కాలేజీ సీట్లకు మాత్రమే, వాటిని ఇక్కడికి తేవద్దు. పోస్టు ఏ బ్యూరోదైనా దేశంలో ఎక్కడికైనా పంపే షరతు మాత్రం అందరికీ ఉంది.

ఇక విదేశీ నిఘా సంస్థ ‘రా’ సంగతి. దానికి ‘రా రిక్రూట్‌మెంట్’ అనే పేరుతో నోటిఫికేషన్ రాదు. కేబినెట్ సెక్రటేరియట్ పేరుతో డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్ పోస్టులు గేట్ స్కోరు మీద పడుతుంటాయి, అంతే. వాట్సాప్‌లో రా ముద్రతో వచ్చే కాల్ లెటరుకు డబ్బు కట్టమన్నారంటే అది మోసం. ఐబీ నోటిఫికేషన్లు హోం శాఖ వెబ్‌సైటులోనూ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ వస్తాయి, ఫీజు ఆన్‌లైన్ దరఖాస్తులోనే కట్టాలి. మధ్యలో ‘బ్యాక్‌డోర్’ మనిషి ఎవరూ లేరు.

పేరు

తెలుగువాళ్ల ఇంటిపేరు కేంద్ర ప్రభుత్వ ఫారాలకు ఎప్పుడూ సరిగ్గా ఇమడదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అది ఒక్క అక్షరం. బెంగళూరు కంపెనీ హెచ్ఆర్ వాళ్లు దాన్ని వెనక్కి తోసి ‘లాస్ట్ నేమ్’ చేస్తారు. పాన్‌లో నాన్న పేరు కలుస్తుంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు తయారవుతారు.

మూలం పదో తరగతి మెమో. దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టండి, పొట్టి అక్షరాలను మీ అంతట మీరు విప్పవద్దు. తర్వాత ఆధార్‌ను ఆ మెమోకు సరిపోయేలా దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండే సార్లు, కాబట్టి కేంద్రంలో ఆపరేటరు టైపు చేసింది స్క్రీను మీద చదివాకే సరే అనండి. ఆధార్ తర్వాత పాన్, ఆ తర్వాత పీఎఫ్ ఖాతా. ఈ వరుస తిరగేస్తే ఒకటి ఇంకోదాన్ని ఒప్పుకోదు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు సర్టిఫికెట్ల పేరుతోనే దరఖాస్తు చేసి, వివాహ రిజిస్ట్రేషన్ పత్రం ఫైల్లో పెట్టుకోవడం మేలు.

కులం, ఆదాయం కాగితాలు

బీసీ-ఏ, బీ, డీ అని రాసి ఉన్న రాష్ట్ర సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగానికి చెల్లదు. కావలసింది ‘భారత ప్రభుత్వ పోస్టులకు’ అని ప్రత్యేకంగా ఉండే ఓబీసీ నమూనా. మీసేవలోనో సచివాలయంలోనో అడిగేటప్పుడు ‘సెంట్రల్ ఓబీసీ, నాన్ క్రీమీలేయర్’ అనే మాట గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే మామూలు ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపుతారు. దానికి ముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైటులో చూసుకోండి. ఆంధ్రాకూ తెలంగాణకూ జాబితాలు వేరు. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి, ఆ కులాలవాళ్లు జనరల్‌లోనే దరఖాస్తు చేయాలి.

బెంగళూరులో పదేళ్లుగా ఉన్నా కులం మాత్రం నాన్నగారి సొంత రాష్ట్రానిదే. కర్ణాటక తహసీల్దారు ఇచ్చిన ఓబీసీ పత్రంతో తెలుగు కులానికి కర్ణాటక కేంద్ర జాబితా వర్తింపజేసుకోవడం కుదరదు. ఊరికి ఒక్కసారి వెళ్లిరావడమే నయం.

క్రీమీలేయరుకీ (ఓబీసీ కోటా వర్తించని పైస్థాయి కుటుంబాలు) ఈడబ్ల్యూఎస్‌కీ (జనరల్‌లోని పేదల కోటా) ఏడాదికి ఎనిమిది లక్షలే గీత, కానీ లెక్క పూర్తిగా వేరు. ఓబీసీలో చూసేది తల్లిదండ్రుల పరిస్థితి. వాళ్ల జీతం, వ్యవసాయ ఆదాయం ఆదాయ పరీక్షలో కలపరు, మీ సాఫ్ట్‌వేర్ జీతం అసలే లెక్కలోకి రాదు. అయితే అమ్మానాన్నల్లో ఒకరు నేరుగా గ్రూప్-ఏ అధికారిగా చేరి ఉంటే ఆదాయంతో పని లేకుండా క్రీమీలేయరే. ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం కుటుంబం మొత్తం ఆదాయం కలుపుతారు, మీ జీతమూ అందులోదే. ఏడాదికి తొమ్మిది లక్షలు తీసుకుంటూ, నాన్న పేరున ఆదాయం చూపించి ఈడబ్ల్యూఎస్ తెచ్చుకున్నవాళ్లు కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం ఫారం-16 బయటికి రాగానే దొరికిపోతారు. ఐదెకరాల పొలం ఉన్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా ఆదాయం ఎంత తక్కువైనా అర్హత లేదు. ఈడబ్ల్యూఎస్ పత్రం ఏటికేడు మారుతుంది. ముందటి ఆర్థిక సంవత్సరపు ఆదాయం మీద ఇచ్చిందీ, నోటిఫికేషన్ అడిగిన సంవత్సరానికి చెల్లేదీ అయి ఉండాలి.

అటెస్టేషన్ ఫారం

ఎంపికయ్యాక వచ్చే ఈ ఫారమే అసలు గండం. పైనే హెచ్చరిక ఉంటుంది: తప్పు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హత, చేరాక బయటపడితే తొలగింపు. ఐదేళ్లలో ఉన్న చిరునామాలు, చదువు, చేసిన ఉద్యోగాలు, కేసులు, ఊళ్లో మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు పెద్దమనుషుల వివరాలు అడుగుతారు. ఫారం వచ్చాక గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటే తేదీలు కలవవు. దరఖాస్తు చేసిన రోజే ఒక కాగితం మీద నెలల వారీగా గీత గీసి మూడు వరుసలు రాయండి: ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు, దానికి రుజువేది. ఖాళీ నెలలు ఉంటే ఖాళీగానే ఉంచండి. ‘ఇంటి దగ్గరే, పోటీ పరీక్షలకు చదువుతున్నాను’ అన్నది నేరం కాదు.

ఉద్యోగాల గడి నింపే ముందు పీఎఫ్ పోర్టల్‌లో మీ సర్వీస్ హిస్టరీ తీసి పక్కన పెట్టుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ దాని ప్రకారమే ఉండాలి. ఇక్కడే ఒక మాట చేదుగా చెప్పాలి. కన్సల్టెన్సీల దగ్గర కొన్న రెండేళ్ల ‘ఫేక్ ఎక్స్‌పీరియన్స్’తో బెంగళూరులో మొదటి ఉద్యోగం సంపాదించినవాళ్లు కొద్దిమందేమీ కాదు. ఆ కంపెనీ పేరు ఈ ఫారంలో రాస్తే అబద్ధం, సంతకం పెట్టిన అబద్ధం. రాయకపోతే ఇప్పటి కంపెనీ రికార్డుతో తేడా వస్తుంది. మనుషుల్ని ఆరా తీయడమే వృత్తిగా ఉన్న సంస్థకు ఆ తేడా కనిపించదనుకోవడం అమాయకత్వం. ఆ దారిలో వచ్చినవాళ్లు ఈ ఉద్యోగం జోలికి రాకపోవడమే మంచిది.

కేసుల గడి మాటకు మాట చదవాలి. అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, జరిమానా పడిందా, బైండోవర్ చేశారా, కేసు నడుస్తోందా అని విడివిడిగా అడుగుతారు. ‘కొట్టేశారు కదా’ అని ‘లేదు’ రాయకూడదు, ప్రశ్న ఎప్పుడైనా జరిగిందా అనే. మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేవి మూడు.

బైండోవర్. ఎన్నికలప్పుడు పల్లెల్లో రెండు వర్గాల కుర్రాళ్లను పిలిచి తహసీల్దారు ముందు బాండు రాయించుకుంటారు. అది పాత సీఆర్‌పీసీ 107 కింద, ఇప్పుడైతే దాని స్థానంలో వచ్చిన చట్టం బీఎన్ఎస్ఎస్ 126. ఊళ్లో దాన్నెవరూ కేసనుకోరు, ఫారం అనుకుంటుంది.

తాగి బండి నడిపిన కేసు. కెమెరా చలానా ఆన్‌లైన్‌లో కట్టడం వేరు, కోర్టులో నిలబడి జరిమానా కట్టడం వేరు. మోటారు వాహనాల చట్టం 185 కింద కోర్టు జరిమానా అంటే శిక్ష పడినట్టే. రాయాలి.

కాలేజీ రోజుల ధర్నా కేసులు, లోక్ అదాలత్‌లో రాజీపడిన కొట్లాటలు. ప్రభుత్వం ఉపసంహరించుకున్న కేసైనా సరే, రాసి, పక్కన ఆ ఉత్తర్వు ప్రతి జత చేయండి. అనుమానంగా ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ జిల్లా కోర్టు తెరిచి పేరుతో వెతకండి, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఉద్యోగం పోదా? పోవచ్చు కూడా. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం చెప్పింది ఇదే: నిజం చెప్పినా, అభ్యర్థి గతాన్ని తూచే హక్కు యజమానికి ఉంటుంది, దాచినది కుర్రతనపు చిన్న విషయమైతే క్షమించే వీలూ ఉంది. కానీ చెప్పినవాడి విషయంలో తూచేది కేసు బరువును మాత్రమే. దాచినవాడి విషయంలో నమ్మకం ప్రశ్న కూడా కలుస్తుంది, నిఘా సంస్థలో దానికే బరువెక్కువ.

అన్నో అక్కో విదేశాల్లో ఉండి, ఫారంలో ఆ వివరం అడిగితే, ‘అమెరికాలో ఉద్యోగం’ అని ఒక్క ముక్కలో తేల్చవద్దు. హెచ్-1బీ వీసానా, గ్రీన్ కార్డా, పౌరసత్వమా, ఏదైతే అది రాయండి.

పీజీ చిరునామా, పోలీసు వాకబు

ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటికీ వాకబు వెళ్తుంది. ఊళ్లో పని సులువు, కానిస్టేబులుకు మీ నాన్నగారు తెలుసు. బెంగళూరులో పీజీ యజమానికి మీ పేరే తెలియకపోవచ్చు, మేనేజరు మారిపోయి ఉంటాడు. ‘ఆ పేరుగలవాళ్లెవరూ ఇక్కడ లేరు’ అని నివేదిక వెళ్తే మీ ఫైలు అక్కడే ఆగుతుంది.

చిరునామా రాసేటప్పుడు ‘మారతహళ్లి’ అని వదిలేయకండి. తలుపు నంబరు, క్రాస్, మెయిన్, లేఅవుట్ పేరు, పిన్‌కోడు, పోలీసు స్టేషను, అన్నీ ఉండాలి. స్టేషను పేరు ఊహించి రాయవద్దు. పేటకొక స్టేషను ఉన్నా దాని హద్దు వీధి మధ్యలోంచి పోతుంది, ఫోను చేసి అడగాలి. ఆనేకల్, అత్తిబెలె, సర్జాపుర వైపు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. రెవెన్యూ లెక్కలో అది బెంగళూరు అర్బన్ జిల్లా అయినా పోలీసు లెక్కలో నగర కమిషనర్ పరిధి కాదు, జిల్లా ఎస్పీ పరిధి. ఫారం కమిషనర్ ఆఫీసుకు వెళ్తే తిరిగి రావడానికే వారాలు.

రుజువులుగా ఈ-స్టాంపు మీద అద్దె ఒప్పందం, యూపీఐలో కట్టిన అద్దె వివరాలు, యజమాని ఫోను నంబరు ఉంచుకోండి. పీజీ ఖాళీ చేసిన రోజే యజమాని చేత ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో రాయించుకోవడం తెలివి, ఆర్నెల్ల తర్వాత అడిగితే రాసిచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. కరోనా కాలంలో కంపెనీ రికార్డు ప్రకారం బెంగళూరు, నిజానికి ఊళ్లో ఇంట్లో ఉన్నవాళ్లు ఉద్యోగం బెంగళూరనీ నివాసం ఊరనీ రాయాలి. రెండూ కలవాలని నివాసాన్ని వంచవద్దు.

రాజీనామా, జీతం

ఇంటర్వ్యూ బాగా జరిగిందని కంపెనీలో కాగితం పెట్టేయకండి. తుది జాబితాకీ ఆఫర్‌కీ మధ్య వాకబు, వైద్య పరీక్ష ఉంటాయి. ఆఫర్ చేతికి వచ్చాకే రాజీనామా. 90 రోజుల నోటీసు ఉన్నవాళ్లు ఎన్ని రోజులు డబ్బు కట్టి తెంచుకోవచ్చో ముందే హెచ్ఆర్‌ను అడిగి మెయిల్‌లో తెప్పించుకోండి. గడువు చాలకపోతే పొడిగింపు రాతపూర్వకంగా అడగవచ్చు, కానీ మొదటి ఆఫర్ తేదీ నుంచి ఆరు నెలలు దాటితే అది దానంతట అదే రద్దవుతుంది. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు శాఖ ద్వారా దరఖాస్తు చేసి, ‘టెక్నికల్ రెసిగ్నేషన్’ అనే రాజీనామా ఇవ్వాలి. మామూలు రాజీనామా ఇస్తే పాత సర్వీసు పోతుంది.

ఏసీఐఓ జీతం బెంగళూరులో ఎంత? మూల వేతనం 44,900. ప్రత్యేక భద్రతా భత్యం 20 శాతం, 8,980. 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యం 26,042. బెంగళూరు ఎక్స్ తరగతి (పెద్ద) నగరం కాబట్టి అద్దె భత్యం 30 శాతం, 13,470. రవాణా భత్యం దాని మీద కరువు భత్యంతో కలిపి 5,688. మొత్తం సుమారు 99 వేలు, అందులోంచి పెన్షన్ వాటా 7,094, కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్‌కు 650, పన్ను పోతాయి. విజయవాడకు బదిలీ అయితే అద్దె భత్యం 20 శాతానికి దిగుతుంది. పోల్చుకునేటప్పుడు ఈ లెక్కతో పోల్చుకోండి, యూట్యూబు థంబ్‌నెయిల్‌తో కాదు.

చేరాక మొదటి ఆరు నెలలు

సర్వీసు బుక్కు తెరిచే రోజుల్లో నింపిన కాగితాలు ముప్ఫై ఏళ్లు వెంట ఉంటాయి. పెన్షన్ ఎంపికకు గడువు చిన్నది: చేరిన 30 రోజుల్లో యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీం) కావాలని రాసివ్వకపోతే ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టం)లోనే ఉంటారు. రెండింటిలోనూ మీ వాటా 10 శాతమే. ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వం 14 శాతం వేస్తుంది, యూపీఎస్‌లో మీ ఖాతాకు 10 శాతం వేసి, మరో 8.5 శాతం ఉమ్మడి నిధికి ఇస్తుంది. 25 ఏళ్ల సర్వీసు పూర్తి చేస్తారనుకునేవాళ్లకు యూపీఎస్ హామీ పెన్షన్ బలం. మధ్యలో మానేసే ఆలోచన ఉన్నవాళ్లు ఎన్‌పీఎస్‌నే చూడాలి.

ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) కోసం ‘హోం టౌన్’ ప్రకటన ఆరు నెలల లోపు ఇవ్వాలి. బెంగళూరు అద్దె చిరునామా రాసేవాళ్లున్నారు. అమ్మానాన్నలు, ఆస్తి, పండగలు ఎక్కడో ఆ ఊరు రాయాలి. సర్వీసు మొత్తంలో దాన్ని మార్చుకునేది ఒక్కసారే. గువహటికో జమ్మూకో పోస్టింగు పడ్డాక ఈ ఒక్క గడి విలువ తెలుస్తుంది. గ్రాట్యుటీ, గ్రూపు ఇన్సూరెన్స్, పెన్షన్ ఖాతా, మూడింటికీ నామినేషన్లు విడివిడి. పెళ్లికాక ముందు అమ్మ పేరున రాసినవి పెళ్లయ్యాక మళ్లీ రాసివ్వాలి.

ఐటీ నుంచి వచ్చేవాళ్లకు నడవడిక నియమాలు, అంటే 1964 సీసీఎస్ కండక్ట్ రూల్స్, కొంచెం ఇరుకుగా అనిపిస్తాయి. చేరేటప్పుడు ఆస్తి అప్పుల వివరం ఇవ్వాలి. డీమ్యాట్ ఖాతా ఉండొచ్చు, దీర్ఘకాలానికి షేర్లు కొనుక్కోవచ్చు. పదే పదే కొని అమ్మడం స్పెక్యులేషన్ కింద నిషేధం, కాబట్టి ఇంట్రాడే, ఆప్షన్లు చేరక ముందే మూసేయండి. రెండు నెలల మూల వేతనం మించిన చరాస్తి లావాదేవీ, ఉదాహరణకు కారు, నెలలోపు తెలపాలి. పొలమో ఫ్లాటో కొనేముందు తెలపాలి. ఫ్రీలాన్స్ పని, వీకెండ్ స్టార్టప్ కుదరవు. పాస్‌పోర్టుకు ఆఫీసు కాగితం, సొంత ఖర్చుతో విదేశాలకు పోవాలన్నా ముందస్తు అనుమతి కావాలి. లింక్డ్‌ఇన్‌లో కొత్త హోదా పెట్టి అభినందనలు అందుకోవడం అనే సరదా కూడా మానుకోవాలి.

యూనియన్ ఉండదు. 1985 నాటి నిఘా సంస్థల హక్కుల పరిమితి చట్టం దాన్ని అడ్డుకుంటుంది. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ కింద ఐబీకి మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప. కాబట్టి జీతం, సీనియారిటీ, బదిలీ, ఎంపిక రద్దు గొడవల్లో ఉన్న దారి ఒకటే. ముందు సరైన అధికారికి రాతపూర్వక విన్నపం ఇచ్చి, రశీదు దాచుకోవాలి. జవాబు వస్తే ఆ తేదీ నుంచి ఏడాదిలోగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. జవాబు రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆ తర్వాత ఏడాదిలోగా. మళ్లీ మళ్లీ విన్నపాలు పెడుతూ పోతే గడువు పెరగదు, మొదటి కాగితం తేదీ నుంచే లెక్క. బెంగళూరు బెంచి ఇందిరానగర్‌లో ఉంది, దరఖాస్తు రుసుము 50 రూపాయలు.